స్విచ్ కట్టేసినా లైట్లు ఆరడం లేదు: 70 ఆంపియర్ల రిలే వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది పాత డీజిల్ బండి. రాత్రిపూట ఖమ్మం నుంచి కొత్తగూడెం వైపు తరచూ వెళ్ళాల్సి వస్తుంది. వెలుగు చాలడం లేదని ఆర్నెల్ల కింద 100/90 వాట్ల (హై బీమ్ 100, డిమ్ 90) హెచ్4 హెడ్‌లైట్ బల్బులు వేయించాను, బంపర్‌కి 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు పెట్టించాను. షాపులో రెడీమేడ్ వైరింగ్ కిట్ ఒకటి తెచ్చి, హై బీమ్‌నీ ఫాగ్ లైట్లనీ కలిపి దాని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్ డబ్బా) మీదే వేశారు. రిలే మీద 30ఎ అని ఉంది, ఫ్యూజు కూడా 30. పోయిన వారం ఇంటికొచ్చి స్విచ్ కట్టేస్తే లైట్లు ఆరలేదు. రిలేని స్పానర్‌తో తడితే టక్కుమని విడింది. మా ఎలక్ట్రీషియన్ 70 ఆంపియర్ల రిలే, 40 ఫ్యూజు వేద్దామంటున్నాడు. నా లెక్కలో అంతా కలిపి 310 వాట్లు, 12తో భాగిస్తే 26 ఆంపియర్లు. 30 లోపే ఉంటే రిలే ఎందుకు పోయింది? తీసేసిన రిలేని రేడియేటర్ ఫ్యాన్‌కి వాడుకోవచ్చా?
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ రిలేని పీకేయండి, మళ్ళీ ఎక్కడా పెట్టకండి. తడితే విడిందంటే బాగైనట్టు కాదు. లోపల కరెంటుని కలిపే లోహపు పాయింట్లు అతుక్కున్న చోట లోహం కరిగి, గట్టిపడి, గరుకుగా తయారై ఉంటుంది. ఈసారి ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది. కొందరు డబ్బా ఊడదీసి పాయింట్లను ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ వాడతారు. అక్కడ ఉండేది వెండి మిశ్రమం, పల్చటి పొర. దాన్ని రుద్దేస్తే మిగిలేది రాగి, అది నల్లబడి మరింత వేడెక్కుతుంది. కాబట్టి రేడియేటర్ ఫ్యాన్ మాట కూడా మర్చిపోండి. ఫ్యాన్ రిలే అతుక్కుపోతే రాత్రంతా తిరిగి తెల్లారేసరికి బ్యాటరీ చస్తుంది. సరిగ్గా కలవకపోతే ఇంజన్ మరుగుతుంది.

70 ఆంపియర్ల రిలే, 40 ఫ్యూజు వద్దు. ఎందుకో తర్వాత చెబుతాం. ముందు మీ 26 ఆంపియర్ల లెక్క చూద్దాం, తిరకాసంతా అందులోనే ఉంది.

బల్బు మీద రాసిన వాట్లు 12 వోల్టుల దగ్గరివి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 దాకా ఉంటుంది, బల్బు దగ్గర 13.5 అనుకోండి. వోల్టేజి పెరిగితే హాలోజన్ బల్బు కరెంటు కూడా కాస్త పెరుగుతుంది. 100 వాట్లది దాదాపు 9 ఆంపియర్లు, 55 వాట్లది దాదాపు 5 ఆంపియర్లు లాగుతాయి. రెండు 9లు, రెండు 5లు కలిపితే 28కి దగ్గర. అంటే రిలే, ఫ్యూజు రెండూ అంచు మీద నడుస్తున్నాయి.

ఇది మామూలుగా వెలుగుతున్నప్పటి సంగతి. రిలేని చంపింది ఇది కాదు, స్విచ్ వేసిన మొదటి క్షణం. చల్లగా ఉన్న ఫిలమెంటు రెసిస్టెన్సు, వెలిగేటప్పుడు ఉండేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. 100 వాట్ల బల్బు వెలిగేటప్పుడు సుమారు 1.4 ఓములు, చల్లగా ఉన్నప్పుడు 0.12 దగ్గర. మీ నాలుగు బల్బులూ ఒకేసారి ఒకే పాయింటు గుండా వెలుగుతున్నాయి. వైరు, సాకెట్, బ్యాటరీ అడ్డుకునేది తీసేసినా మొదటి కొన్ని మిల్లీసెకన్లు కరెంటు 100 ఆంపియర్లు దాటుతుంది. సరిగ్గా అదే సమయంలో పాయింట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని, గోలీకాయ గచ్చు మీద పడ్డట్టు రెండు మూడుసార్లు ఎగిరిపడతాయి. ఎగిరిన ప్రతిసారీ చిన్న మంట, ఆ మంటకి కరిగిన లోహం, కరిగిన లోహం మీద మళ్ళీ పాయింటు వచ్చి కూర్చోవడం. చల్లారితే అదే వెల్డింగ్. పాయింట్లని లాగి కలిపే కాయిల్‌కి (అయస్కాంతంగా మారే తీగచుట్టకి) కరెంటు ఆపినా లోపలి స్ప్రింగుకి దాన్ని ఊడబెరికేంత బలం ఉండదు.

మరి రిలే మీద 30ఎ అని ఎందుకు రాశారంటారా? అది అబద్ధం కాదు, షరతులతో కూడిన మాట. ఆ అంకె హీటర్ లాంటి రెసిస్టివ్ లోడ్‌కి, గది వేడిలో, తగినంత లావు వైరు బిగించి కొలిచినది. కంపెనీ డేటా షీటు తెరిస్తే బల్బులకి వేరే అంకె, మోటార్లకి వేరే అంకె, వేడి పెరిగేకొద్దీ ఎంత తగ్గించాలో చూపే గీత విడిగా ఉంటాయి. లావు వైరు సంగతి చాలామంది పట్టించుకోరు. పిన్నుల్లో పుట్టే వేడిని బయటికి లాగేది ఆ వైరులోని రాగే. కిట్‌లో వచ్చే సన్న వైరు ఆ పని చేయలేదు, పైగా తనే వేడెక్కి రిలేకి వేడి అందిస్తుంది. దానికి తోడు మే నెల ఖమ్మం ఎండలో బానెట్ కింద వేడి ఎంతుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకని మేం వాడే లెక్క ఇది: బల్బులకైనా మోటార్లకైనా, నడిచేటప్పటి కరెంటు రిలే మీది అంకెలో సగం దాటకూడదు. వెనక అద్దం హీటర్ లాంటి వాటికి ముప్పాతిక దాకా వెళ్ళొచ్చు. 24 వోల్టుల లారీల రిలే చూడండి, పరిమాణం అదే అయినా మీద 20ఎ అని ఉంటుంది. వోల్టేజి ఎక్కువైతే పాయింట్లు విడేటప్పటి మంట త్వరగా ఆరదు, అందుకే అంకె తగ్గించారు.

సగం లోడుకి దిగితే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పాయింట్లు, పిన్నులు కలిపి 5 మిల్లీఓములు అనుకుంటే, 28 ఆంపియర్ల దగ్గర అక్కడ 4 వాట్ల వేడి పుడుతుంది. 11 ఆంపియర్ల దగ్గర 0.6 వాటే. కాయిల్ సొంతంగా ఇంకో రెండు వాట్లు పుట్టిస్తుంది కాబట్టి బాగున్న రిలే కూడా అరగంటకి వేడిగానే తగులుతుంది. వేడిగా ఉందని కంగారు పడొద్దు. ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరగడం, పిన్ను నీలంగా మారడం, కాలిన వాసన, ఇవి అసలు గుర్తులు.

ఇప్పుడు 70 ఆంపియర్ల మాట. అంత పెద్ద రిలేల్లో ఎక్కువ వాటికి 30, 87 అని రాసుండే, లైట్ల కరెంటు పోయే పిన్నులు 9.5 మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. మీ సాకెట్‌వి 6.3. అంటే సాకెట్ మార్చాలి, వైరు మార్చాలి. అవేవీ మార్చకుండా రిలే, ఫ్యూజు మాత్రమే పెంచితే పాయింటు బతుకుతుంది, వైరు కాలుతుంది. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. కిట్లలో సాధారణంగా 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, ఒక్కోసారి అంతకన్నా సన్నం. దానికి 30 ఫ్యూజే ఎక్కువ. 40 వేస్తే, ఎక్కడైనా ఇన్సులేషన్ ఒరుసుకుని బాడీకి తగిలీ తగలకుండా ఉన్నప్పుడు ఫ్యూజు పోయేలోపే వైరు అంటుకుంటుంది.

రెండు 30 రిలేలని పక్కపక్కన కలిపితే 60 అవుతుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. కాదు. రెండు రిలేలు ఒకే మిల్లీసెకనులో కలవవు. ముందు కలిసిందే మొదటి తాకిడి మొత్తం భరిస్తుంది, ఆఖర్న విడిందే మంట మొత్తం భరిస్తుంది. రిలేలు కలపకూడదు, లోడు విడదీయాలి.

మీ వైరు వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి మీటరుకి సుమారు 12 మిల్లీఓములు. మూడు మీటర్ల దారిలో 28 ఆంపియర్లు పోతే దాదాపు ఒక వోల్టు వైరులోనే హరించుకుపోతుంది. హాలోజన్ బల్బుకి ఒక వోల్టు తగ్గితే వెలుగు ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. 100 వాట్ల బల్బు కొని, అందులో కొంత వైరు వేడి చేయడానికి ఖర్చు పెడుతున్నారన్నమాట. చాలా పాత బండ్లలో అసలు జబ్బు ఇదే. ఒరిజినల్ వైరింగ్‌లో, స్విచ్‌లో వోల్టున్నర పోతుంది, మూడింట ఒక వంతు వెలుగు మాయమవుతుంది. మనం బల్బుని తిట్టి పెద్దది వేస్తాం.

కాబట్టి 100/90 బల్బులు తీసేసి 60/55 వేయండి. 100/90 రోడ్డు మీద వాడటానికి ఆమోదం ఉన్నవి కావు, ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. దాని వేడికి హెడ్‌లైట్ అద్దం మెరుపు పోతుంది, వెనకున్న ప్లాస్టిక్ హోల్డర్ మెత్తబడుతుంది. హోల్డర్లు ఇవాళే ఊడదీసి చూడండి, పిన్నుల చుట్టూ పసుపో గోధుమో కనిపిస్తే మార్చాల్సిందే. డిమ్ సంగతి మీరు రాయలేదు. కిట్ రిలే హై బీమ్‌కే వేశారంటే, 90 వాట్ల డిమ్ రెండూ పాత కాంబినేషన్ స్విచ్ గుండానే పోతున్నాయేమో చూడండి. అలా అయితే 16 ఆంపియర్లు స్టీరింగ్ పక్కనున్న ఆ చిన్న పాయింట్ల మీద నడుస్తున్నట్టు. రిలే పోయినదానికన్నా అదే పెద్ద ప్రమాదం.

కొత్త వైరింగ్ ఇలా చేయించండి. మూడు రిలేలు: డిమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి, ఫాగ్ లైట్లకి ఒకటి. మూడూ 12 వోల్టులు, 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల మినీ రిలేలు. 60/55 బల్బుల జత 13.5 వోల్టుల దగ్గర 10 నుంచి 11 ఆంపియర్లు లాగుతుంది, ఫాగ్ జత 10. ఒక్కో రిలే మీద దాని శక్తిలో మూడో వంతు లోపే పడుతుంది. ఒక్కోదానికి నీలం రంగు 15 ఫ్యూజు విడిగా, బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే. బ్యాటరీకి ఫ్యూజుకి మధ్య ఉన్న వైరుని కాపాడేవాడు లేడు, అందుకే అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. విడి ఫ్యూజులెందుకంటే, నడిరోడ్డు మీద డిమ్ ఫ్యూజు పోతే హై బీమ్ అయినా మిగలాలి.

లోడు వైరు 2.5 స్క్వేర్ ఎంఎం, బల్బుల ఎర్త్ వైరు కూడా అంతే. కాయిల్ వైర్లకి 1 చాలు, కాయిల్ లాగేది 0.15 ఆంపియరే. ఇంటి వైరింగ్ వైరు వాడొద్దు, దాని ఇన్సులేషన్ 70 డిగ్రీలకి తయారైంది. ఆటో వైరు అడిగితే 105 డిగ్రీలది దొరుకుతుంది. కొనేముందు కొస తీసి ఒక పోగుని బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు, లోపల తెలుపు వస్తే అది అల్యూమినియం మీద రాగి పూత, వదిలేయండి. పైన తెలుపు, లోపల రాగి వస్తే తగరం పూత వేసిన రాగి, నిక్షేపంగా తీసుకోండి.

సాకెట్ మీద కక్కుర్తి పడకండి. చాలా రిలేలు చచ్చేది సాకెట్ వదులు వల్లే. విడిగా ఒక 6.3 పిన్ను తీసుకుని సాకెట్‌లోని ఒక్కో క్లిప్పులో గుచ్చి లాగి చూడండి, వేళ్ళకి గట్టిగా పట్టు తెలియాలి. ఊరికే జారొస్తే ఆ సాకెట్ వద్దు. క్లిప్పులకి వైరు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. మెలిపెట్టి టేపు చుట్టడం, నొక్కేముందు కొసకి సీసం పట్టించడం రెండూ వద్దు. సీసం మెత్తది, వేడికి నొక్కుడు వదులవుతుంది.

కలపడం తేలికే. బ్యాటరీ నెగిటివ్ ఊడదీసి మొదలుపెట్టండి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87కి బల్బులు, 86కి స్విచ్ నుంచి వచ్చే పాత హెడ్‌లైట్ వైరు, 85కి ఎర్త్. నాలుగు పిన్నులది దొరక్క ఐదుది తెస్తే మధ్య పిన్ను మీద ఏం రాసుందో చూడండి. రెండూ 87 అయితే లోపల ఒకటే, ఒకటి ఎడమ బల్బుకి, ఒకటి కుడి బల్బుకి వాడుకోవచ్చు, కానీ మొత్తం లెక్క మాత్రం ఒకే పాయింటుది. మధ్యది 87ఎ అయితే జాగ్రత్త. లైట్లు ఆపి ఉన్నంతసేపూ అక్కడ బ్యాటరీ కరెంటు నిలబడి ఉంటుంది. దాన్ని టేపుతో కాదు, స్లీవు తొడిగి మూసేయండి. పైగా ఆ వైపు శక్తి తక్కువ, 40/30 అని రాసుండేది అందుకే: 87 వైపు కాయిల్ అయస్కాంతం నొక్కి పడుతుంది, 87ఎ వైపు ఒట్టి స్ప్రింగు.

రిలే మీద బొమ్మలో కాయిల్ పక్కన డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) గుర్తు ఉంటే 86, 85 తారుమారు చేయొద్దు. డయోడ్ గుండా షార్టయి స్విచ్ వైపు ఫ్యూజు పోతుంది. ఎంచుకునే వీలుంటే రెసిస్టర్ ఉన్నది తీసుకోండి. కాయిల్ ఆపినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజిని రెండూ అణుస్తాయి, కాని డయోడ్ ఉంటే పాయింట్లు నెమ్మదిగా విడతాయి, మంట ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటి. కొన్ని బండ్లలో హెడ్‌లైట్ స్విచ్ పాజిటివ్‌ని కాకుండా ఎర్త్‌ని కలుపుతుంది. రెండు బల్బులూ ఊడదీసి, లైటు వేసి, హోల్డర్ మూడు పిన్నులనీ మల్టీమీటర్ నెగిటివ్ ప్రోబు బాడీకి ఆనించి చూడండి. హై, డిమ్ మార్చినప్పుడు వోల్టేజి ఒక పిన్ను నుంచి ఇంకోదానికి మారితే మామూలు పద్ధతి. మార్చినా మార్చకపోయినా కామన్ పిన్ను (హై, డిమ్ రెండింటికీ ఉమ్మడిది) మీదే 12 నిలిచి ఉంటే ఎర్త్ స్విచింగ్. అలాంటప్పుడు 85ని బాడీకి కలిపితే రిలే ఎప్పటికీ పలకదు. 86ని కామన్ పిన్నుకి, 85ని హై పిన్నుకి కలపండి. డిమ్ రిలేకి అలాగే డిమ్ పిన్ను.

రిలేలని సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, రేడియేటర్‌కి దూరంగా, పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. పైకి ఉంటే వాన నీళ్ళు, సర్వీసింగ్ నీళ్ళు సాకెట్‌లో నిలుస్తాయి. ఎర్త్ బిగించే చోట పెయింట్ గీకి, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి.

అయ్యాక ఇంజన్ నడుపుతూ లైట్లు అరగంట వేసి ఉంచి కొలవండి. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్‌కి, ఇంకోటి బల్బు పాజిటివ్ పిన్నుకి. 0.5 వోల్టు దాటకూడదు, బాగా చేస్తే 0.3 లోపే వస్తుంది. బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ నెగిటివ్‌కి 0.2 లోపు. సాకెట్ వెనక నుంచి ప్రోబులు గుచ్చి 30కి 87కి మధ్య చూస్తే 0.1 లోపు ఉండాలి. అక్కడ 0.3 కనిపిస్తే రిలేనో సాకెట్టో తేడా చేస్తోంది. రిలే మార్చినా తగ్గకపోతే సాకెట్టే. 85, 86 మధ్య 11.5 కన్నా తగ్గితే కాయిల్‌కి సరఫరా చాలడం లేదు. కాయిల్ బలహీనంగా లాగితే పాయింట్లు గట్టిగా నొక్కుకోవు, కొట్టుకుంటాయి, మళ్ళీ అదే వెల్డింగ్. సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంచొద్దనేది కూడా ఇందుకే. అప్పుడు బ్యాటరీ 8, 9 వోల్టులకి పడిపోవచ్చు, వేడెక్కిన కాయిల్ అంత తక్కువలో పాయింటుని గట్టిగా నొక్కి పట్టలేకపోవచ్చు.

కరెంటు కొలవాలనుకుంటే మల్టీమీటర్ 10ఎ రంధ్రం గుండా ప్రయత్నించకండి, మీటరే పోతుంది. డీసీ క్లాంప్ మీటర్ కావాలి. చౌక క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీకే పనికొస్తాయి, బండి వైరుకి పెడితే సున్నా చూపిస్తాయి, కొనేటప్పుడు చూసుకోండి.

రేడియేటర్ ఫ్యాన్‌కి కొత్త రిలే అంటారా, ఫ్యాన్ నడిచేటప్పుడు 15 ఆంపియర్ల లోపు లాగితే 40 రిలే, 30 ఫ్యూజు, 4 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుంది. మోటారు కదిలేటప్పుడు మూడు నాలుగు రెట్లు లాగుతుంది కాబట్టి 15కి 20 ఫ్యూజు వేస్తే ఊరికే పోతూ ఉంటుంది. అలాగని 40 వేయొద్దు. బురదకో, అరిగిన బుష్షుకో ఫ్యాన్ ఇరుక్కుని ఆగిపోతే ఆ మొదటి తాకిడి కరెంటే ఆగకుండా పోతుంది, అప్పుడు ఫ్యూజు ఎగిరిపోవాల్సిందే. 30 ఫ్యూజు పోయిన ప్రతిసారీ కొత్తది వేసేముందు, తాళంచెవి తీసేసి, రెక్కని చేత్తో తిప్పి చూడండి.